లీడర్లకు కోచ్‌గా వెళ్తున్న అమ్మాయికి

అమ్మా, ఆశీస్సులు.

ఆ కంపెనీ ఎండీ గారికీ, డైరెక్టర్లకూ కోచింగ్ ఇవ్వడానికి నిన్ను పిలిచారని తెలిసి చాలా సంతోషించాను. అందరికీ చోటు, అందరికీ న్యాయం దొరికే సంస్థ కావాలని వాళ్లంతట వాళ్లే అడగడం చిన్న విషయం కాదు. ఇన్నేళ్లు హెచ్‌ఆర్‌లో, ఆ తర్వాత కోచింగ్‌లో చూసినదాన్ని బట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటి మీటింగ్‌లో వివక్ష మీద స్లైడ్లు వేయకు. అంత పెద్ద పదవిలో ఉన్నవాళ్లు తాము మంచివాళ్లమనే నమ్ముతారు. నువ్వు తప్పుపడుతున్నావనిపిస్తే ఆ క్షణమే వినడం మానేస్తారు. ఎండీ గారి మనసు జోలికి పోకుండా ఆయన సంతకాల గురించి అడుగు. గత రెండేళ్లలో ఎవరిని తీసుకున్నారు, ఎవరికి ప్రమోషన్ వచ్చింది, క్లయింటు ముందు నిలబడే ప్రాజెక్టు ఎవరికి దక్కింది? ఆ కాగితాలు బల్ల మీద పరిచి, "సార్, మీకేం కనిపిస్తోంది?" అని అడిగి ఊరుకో. ఆయనే చెప్పేదాకా నువ్వు మాట్లాడకు. కొత్త కోచ్‌లకు అన్నిటికంటే కష్టమైన పని అదే.

మన హైదరాబాద్ ఆఫీసుల్లో రిఫరల్స్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఖాళీ వచ్చిందనగానే "మనవాడొకడున్నాడు" అంటారు. మన కాలేజీ, మన జిల్లా, చాలాసార్లు మన కులం. ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. కానీ కొన్నేళ్లకు ఫ్లోరంతా ఒకే రకం ఇంటిపేర్లు కనిపిస్తాయి. బయటివాళ్లకు ఖాళీ ఉందన్న సంగతే చేరదు. ఎలాగో చేరి, ఉద్యోగం సంపాదించుకున్న దళిత కుర్రాడిని లంచ్‌లో "ఏ ఊరు, ఇంటిపేరేంటి, మీరేమిట్లు?" అని కులం ఆరా తీస్తారు. అడిగినవాళ్లకు అది పలకరింపు. అతనికి మాత్రం రేపటి నుంచి ఆ బల్ల దగ్గర కూర్చోవాలా వద్దా అన్న టెన్షన్.

"ఆడవాళ్ల గురించి మాట్లాడదాం, కులం మా దగ్గర లేదు" అని డైరెక్టర్లు అంటారు. అక్కడ తగ్గకు. మన తెలుగు ఇంజనీర్లు ఎందరో పనిచేసే అమెరికాలోని సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసుకుంది. అంత దూరం వెళ్లిన కులం మన ఆఫీసుల్లో లేదంటే ఎలా? ప్రతి ఖాళీనీ ముందు బహిరంగంగా ప్రకటించమను. అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నలు వేయాలి. ప్యానెల్‌లో ఎవరి మార్కులు వాళ్లు రాసుకున్నాకే చర్చ మొదలవ్వాలి. ఎండీ అందరికంటే చివర మాట్లాడాలి.

చట్టాల ఫైళ్లు మాత్రం పక్కాగా ఉంటాయి. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది కదా, కమిటీ ఉంటుంది. కాంట్రాక్టు మీద బాత్రూములు కడిగే అమ్మకు కూడా ఆ చట్టం వర్తిస్తుంది. ఎవరికి చెప్పుకోవాలో ఆమెకు తెలుసా అని అడుగు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. ప్రకటించే ఉంటారు. చూపు లేని ఉద్యోగి, తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో సెలవు పెట్టుకోగలుగుతున్నారా? ప్రసూతి సెలవు 26 వారాలూ ఇస్తారు. తిరిగొచ్చాక "పాపం, చంటిబిడ్డ తల్లి" అని ఆమెను అడగకుండానే తేలిక పని ఇచ్చేస్తారు. ఆ జాలి వల్లే ఆమె ప్రమోషన్ పోతుంది. నాకు కోపం తెప్పించేది ఇదే.

"మేం అందరినీ ఒకేలా చూస్తాం" అన్న మాట తప్పకుండా వింటావు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడు ఇంగ్లిష్ మీటింగ్‌లో నోరు విప్పడు. ఎజెండా ముందురోజు పంపి, తెలుగులో చెప్పొచ్చంటే అతని తెలివి బయటపడుతుంది. అదే టీమ్‌లో మణిపూర్ అమ్మాయి ఉంటే, అందరూ తెలుగులోకి జారగానే ఆమెకు ఏమీ అర్థం కాదు. అప్పుడు అతని మాట ఆమెకు చేరేలా ఎవరో ఒకరు వెంటనే ఇంగ్లిష్‌లో చెప్పాలి. గదిలో ఎవరున్నారో చూసి నడిపించడం లీడర్ పని, అది ఆయనకు అలవాటు చేయడం నీ పని.

చివరిది, చాలా ముఖ్యమైనది. ఉద్యోగులు నమ్మి నీకు చెప్పిన మాటలు పైకి చేరవేసేటప్పుడు జాగ్రత్త. ఐదుగురున్న టీమ్‌లో పేరు తీసేసినా, ఆ మాట ఎవరిదో ఇట్టే పోల్చేస్తారు. తర్వాతి అప్రైజల్‌లో దెబ్బ వాళ్లకే తగులుతుంది. అందుకే చిన్న టీమ్‌ల మాటలు విడిగా చెప్పకు, అన్నీ కలిపి చెప్పు. "ఎవరన్నారు?" అని ఎండీ అడిగితే చెప్పనని మర్యాదగా అను. మళ్లీ మళ్లీ అడిగితే పని వదులుకుని వచ్చేయ్. ఈ షరతు ఒప్పందంలో రాయించుకున్నాకే మొదటి సెషన్‌కు తేదీ ఇవ్వు.

ప్రేమతో,
మీ మేడం