కిటికీ తెరలు కుట్టడం వృత్తి అవుతుందా?

ప్రశ్న: మాది భీమవరం. మా అమ్మాయి ఎంపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. మా ఇంటి కిటికీలకు రోమన్ బ్లైండ్లు (తాడు లాగితే మడతలుగా పైకి చేరే తెరలు), వాటిపైన వాలెన్స్‌లు (కిటికీ పైభాగాన వేలాడే పొట్టి తెరలు) అన్నీ తానే కుట్టింది. మొదటి బ్లైండు పైకి లాగితే ఒక పక్కకు ఒరుగుతోందని, పరీక్షల ముందు రోజుల్లో కూడా దాన్ని మొత్తం విప్పి మళ్ళీ కుట్టింది. ఇప్పుడు బంధువులు, ఇరుగుపొరుగువారు తమకూ కావాలంటున్నారు. ఒక ఇంటీరియర్ కాంట్రాక్టరు కొత్త అపార్ట్‌మెంటులో 22 కిటికీలకు చేసి ఇవ్వమని అడిగారు. ఇంజినీరింగ్ వద్దు, చదువు ఆపి ఇదే చేస్తానంటోంది. వాళ్ళ నాన్నగారికి ఇది దర్జీ పనిగా తోస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ఇది నిలబడగలిగే వృత్తే. అయితే చదువు ఆపి ఇందులోకి దిగవలసిన అవసరం మాత్రం లేదు. ఇంజినీరింగ్ విషయంలో మీ అమ్మాయి మాట వినండి, డిగ్రీ విషయంలో మీ మాట ఆమె వినాలి. ఏ డిగ్రీ అన్నది కాసేపట్లో చెబుతాను. దానికంటే ముందు మీరు ఫిర్యాదుగా రాసిన ఒక వాక్యం దగ్గర ఆగాలి. ఒరిగిన బ్లైండును ఆమె విప్పి మళ్ళీ కుట్టిందన్నారు. ఆర్డర్లు రావడం కంటే, బంధువుల మెప్పు కంటే నాకు ఆ సంగతే బలమైన ఆధారంగా కనిపిస్తోంది.

ఎందుకంటే రోమన్ బ్లైండు ఒరగడానికి కారణం పైకి కనిపించదు. బ్లైండు వెనుక అడ్డంగా కుట్టిన సన్నని గొట్టాల వంటి మడతల్లో కడ్డీలు ఉంటాయి, ప్రతి కడ్డీ మీద వరుసగా రింగులు ఉంటాయి, ఆ రింగుల గుండా తాళ్ళు పైకి వెళ్ళి చట్రం మీదుగా ఒక పక్కకు వస్తాయి. వస్త్రాన్ని నేత దారానికి సరిగ్గా నిలువుగా కత్తిరించకపోయినా, కుట్టిన బ్లైండు రెండు కర్ణాల పొడవులూ సమానంగా లేకపోయినా, ఒక వరుసలో ఒక రింగు పావు అంగుళం జరిగినా, బ్లైండు పూర్తిగా దించి ఉన్నప్పుడు తాళ్ళన్నీ ఒకే బిగువుతో లేకపోయినా అది వంకరగానే మడత పడుతుంది. వీటిలో ఏది తప్పిందో వెతికి పట్టుకోవడానికి ఓర్పుతో పాటు లెక్క కావాలి. ఆ లెక్క ఎలా ఉంటుందంటే, 55 అంగుళాల పొడవున్న బ్లైండుకు అడుగున 5 అంగుళాలు వదిలి మొదటి కడ్డీ, అక్కడి నుంచి పది పది అంగుళాలకు ఒక్కొక్క కడ్డీ చొప్పున ఐదు కడ్డీలు వేస్తే, పైకి లాగినప్పుడు ప్రతి మడతా 5 అంగుళాల లోతుతో ఒకదాని మీద ఒకటి సమంగా కూర్చుంటుంది. అడుగు భాగం మడతలో సగమే ఉండాలన్న ఈ చిన్న నియమం తెలియకనే చాలామంది కుట్టిన బ్లైండ్ల అంచు కిందికి వేలాడుతూ కనిపిస్తుంది. మీ అమ్మాయి ఎంపీసీ చదువు వృథా పోలేదు.

నాన్నగారి సందేహానికి సమాధానం కూడా ఇక్కడే ఉంది. దర్జీ పని గౌరవం లేనిదని నేను అనుకోను. కానీ ఈ పని దానితో ఒకటి కాదు. జాకెట్టు కొలతలు తీసుకునేవారికి మనిషి ఎదురుగా ఉంటారు, సరిపోకపోతే విప్పి సరిచేయవచ్చు. కిటికీకి అలా కాదు. గోడ సరళరేఖలో ఉండదు, పైన ఒక వెడల్పు, మధ్యలో ఒక వెడల్పు, కింద మరో వెడల్పు వస్తాయి. బ్లైండు కిటికీ చట్రం లోపల అమర్చేదైతే మూడు చోట్ల కొలిచి అన్నిటికన్నా చిన్నదాన్ని తీసుకోవాలి, గోడ మీద అమర్చేదైతే రెండు పక్కలా రెండు మూడు అంగుళాలు అదనంగా వేసుకోవాలి. మన ఇళ్ళలో దీనికి తోడు లోపలి వైపు తెరుచుకునే రెక్కలు, దోమల జాలీ, ఇనుప గ్రిల్లు ఉంటాయి. రెక్క తెరవడానికి బ్లైండు అడ్డం వస్తే ఎంత అందంగా కుట్టినా ఆ ఇంటివారు నెలలోపే దాన్ని తీసి అటక మీద పెడతారు.

వస్త్రం లెక్క మరొకటి. ఆరడుగుల వెడల్పు కిటికీకి మామూలు కుచ్చుల కర్టెన్ కావాలంటే వెడల్పుకు రెట్టింపు, అంటే 144 అంగుళాల వస్త్రం కావాలి. 48 అంగుళాల పన్నా గల గుడ్డలో అది మూడు తునకలు. పొడవు ఐదడుగులైతే పైనా కిందా మడతలకు పన్నెండు అంగుళాలు కలిపి ఒక్కో తునక 72 అంగుళాలు, మొత్తం ఐదున్నర మీటర్లు. అదే గుడ్డ మీద 20 అంగుళాలకు ఒకసారి తిరిగి వచ్చే పెద్ద పువ్వు ఉంటే, మూడు తునకల్లోనూ పువ్వు ఒకే ఎత్తులో రావడానికి ఒక్కోటీ 80 అంగుళాలు కత్తిరించాలి, అప్పుడు ఆరు మీటర్లు దాటుతుంది. ఆ అర మీటరు పైచిలుకు ముందే లెక్కలో వేయకపోతే నష్టం కుట్టినవారిదే. ఇరవై కిటికీల పనిలో ఇదే పొరపాటు జరిగితే కుట్టుకూలి మొత్తం గుడ్డ కిందే పోతుంది. కాబట్టి ఆమె ఇకపై కుట్టే ప్రతిదానికీ, ఇంట్లోవారికి కుట్టినా సరే, ఎన్ని మీటర్లు పట్టింది, అస్తరు ఎంత, కడ్డీలు, రింగులు, తాడు, వెల్క్రో ఖర్చెంత, కోతతో కలిపి ఎన్ని గంటలు పట్టింది అన్నవి ఒక పుస్తకంలో రాసుకోవాలి. ధర చెప్పే ధైర్యం ఆ పుస్తకం నుంచే వస్తుంది. రోమన్ బ్లైండ్లకు బజారులో చదరపు అడుగు లెక్కన ధర చెబుతారు, ఆమె కూడా అలాగే చెప్పడం అలవాటు చేసుకుంటే బేరం సులువవుతుంది.

గుడ్డల గురించి కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఆమె ప్రత్యేకత అక్కడే ఏర్పడగలదని నాకు గట్టిగా అనిపిస్తోంది. రెడీమేడ్ కర్టెన్లు కిటికీకి ఐదడుగులు, గుమ్మానికి ఏడడుగులు, పెద్ద గుమ్మానికి తొమ్మిదడుగులు అన్న కొలతల్లో పాలియెస్టర్‌లో వచ్చేస్తున్నాయి. వాటితో ధరలో పోటీ పడి ఆమె నెగ్గలేదు, పడకూడదు కూడా. కానీ మీకు దగ్గరలోనే పెడన కలంకారీ అద్దకం, మంగళగిరి నూలు నేత ఉన్నాయి. నరసాపురం లేసు అయితే మీ పొరుగునే ఉంది. కిటికీ ఎత్తులో ఐదో వంతో ఆరో వంతో వేలాడే వాలెన్స్ అంచుకు చేతితో అల్లిన ఆ క్రోషే లేసు వేసి చూడమనండి. నూలు గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది కాబట్టి కత్తిరించే ముందే తడిపి ఆరేసి ఇస్త్రీ చేయాలి. కలంకారీ సహజ రంగులు పడమటి ఎండకు వెలిసిపోతాయి కాబట్టి వెనుక అస్తరు తప్పనిసరి. సముద్రం గాలి తగిలే మీ ప్రాంతంలో ఇనుప రింగులు, చవక ఐలెట్లు తుప్పు పట్టి గుడ్డ మీద మరకలు దింపుతాయి, వాటి బదులు ఇత్తడివో ప్లాస్టిక్‌వో వాడాలి. మూడు నాలుగు పొరలు కలిసే చోట 16 నంబరు సూది, కొంచెం పొడవైన కుట్టు పెట్టుకుంటే గుడ్డ ముడుచుకోదు.

ఒక విషయం మాత్రం ఆమెకు ఈరోజే చెప్పండి. బ్లైండు లాగే తాడు పసిపిల్లల మెడకు చుట్టుకుని ప్రాణం తీయగలదు. అమెరికాలో ఇలాంటి మరణాలు ఏటా నమోదవుతూ రావడం వల్లనే అక్కడి ప్రమాణాలు 2018లో రెడీమేడ్ బ్లైండ్లకు, 2024 నుంచి కొలతకు కుట్టించుకునేవాటికి కూడా చేతికందే తాళ్ళను దాదాపుగా తొలగించాయి. ఐరోపా ప్రమాణం తాడు చుట్టే కొక్కెం నేల నుంచి కనీసం మీటరున్నర ఎత్తులో ఉండాలంటుంది. మన దగ్గర అడిగేవారు లేకపోయినా ఆమె ఆ ఎత్తు పాటించాలి. పిల్లలున్న గదుల్లో తాడు వేలాడే రకాన్ని అమర్చనని చెప్పేయాలి. ఆర్డరు పోయినా ఫరవాలేదు.

ఇక చదువు. ఈ రంగంలో ఉద్యోగాలు కూడా ఉన్నాయి. తమిళనాడులోని కరూర్, కేరళలోని కన్నూర్, హరియాణాలోని పానిపట్ ఇంటి వస్త్రాల ఎగుమతికి పేరు పొందిన పట్టణాలు. ఆ పరిశ్రమలకు డిజైన్, నాణ్యత, కొనుగోళ్ళ విభాగాల్లో చదువుకున్నవారు కావాలి. హైదరాబాద్ నిఫ్ట్‌లో (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) టెక్స్‌టైల్ డిజైన్, మన రాష్ట్రంలోని ఎన్ఐడీలో (జాతీయ డిజైన్ సంస్థ) టెక్స్‌టైల్ అండ్ అపెరల్ డిజైన్ నాలుగేళ్ళ కోర్సులు. రెండింటికీ ప్రవేశ పరీక్షలుంటాయి, బొమ్మలు గీయడంలో సాధన కావాలి, నిఫ్ట్ ఫీజు తక్కువేమీ కాదు. గది మొత్తాన్ని తీర్చిదిద్దాలన్న ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) ఇంటీరియర్ డిజైన్ ఉంది. నా మొగ్గు మాత్రం గుంటూరు దగ్గర లాంలో ఉన్న ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు కమ్యూనిటీ సైన్స్ (ఒకప్పటి హోమ్ సైన్స్) డిగ్రీ వైపు ఉంది. నార ఎలా కుంచించుకుంటుంది, రంగు ఎందుకు వెలుస్తుంది, ఏ నేత ఎలా వేలాడుతుంది అన్న శాస్త్రం అక్కడ చదువుతారు. చేతిలో పని ఉన్న అమ్మాయికి కొరతగా ఉన్నది ఆ శాస్త్రమే. ఇంటర్ గ్రూపు అర్హత, ప్రవేశ తేదీలు ఈ ఏటి ప్రకటనలో సరిచూసుకోండి. ఊరు దాటి పంపడం కుదరకపోతే భీమవరంలోనే బీకాం చేర్చండి. లెక్కల పుస్తకం, పన్నులు, బ్యాంకు వ్యవహారం రేపు ఆమెకే పనికొస్తాయి. వేసవిలో బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ) కేంద్రంలో ఉచిత కుట్టు శిక్షణ తీసుకోవచ్చు, పూర్తి పునాది కావాలంటే ఐటీఐలో స్యూయింగ్ టెక్నాలజీ ఏడాది ట్రేడు ఉంది.

పెట్టుబడికి తొందరపడకండి. ఇంట్లోని మిషను మందపాటి మడతల దగ్గర ఆగిపోతుంటేనే పరిశ్రమల్లో వాడే సింగిల్ నీడిల్ మిషను గురించి ఆలోచించాలి, అదీ మొదటి ఏడాది ఆర్డర్ల డబ్బుతో కొనగలిగితే మంచిది. అప్పు తప్పదనుకుంటే ముద్రా శిశు రుణం 50 వేల రూపాయల వరకు వస్తుంది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ వృత్తి ఉంది. పనిముట్లకు 15 వేలు, తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల వరకు రుణం ఇస్తారు, కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది. అర్హత, దరఖాస్తుల సంగతి మీ వార్డు సచివాలయంలో అడగండి. చిన్న వ్యాపారాలు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దు.

కాంట్రాక్టరు అడిగిన 22 కిటికీల పని ఇప్పుడు మొత్తంగా ఒప్పుకోవద్దు. ఒక ఫ్లాటులో మూడు కిటికీలకు నమూనాగా చేసి ఇస్తామని చెప్పమనండి. ప్లాస్టరింగు, గ్రిల్లు, జాలీ పూర్తయ్యాకే, ఆమే స్వయంగా కొలతలు తీసుకోవాలి. వేరెవరో కాగితం మీద రాసిచ్చిన కొలతలకు కుడితే తప్పు ఎవరిదో తేలదు. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి ఎలాగూ కావాలి కాబట్టి నాన్నగారిని వెంట వెళ్ళమనండి, పని ఎలాంటిదో ఆయనకూ కళ్ళారా తెలుస్తుంది. లింటెల్ కాంక్రీటులో రంధ్రాలు వేసి బ్రాకెట్లు బిగించే పని ఎవరిదో, గుడ్డ ఎవరు కొంటారో, ఇచ్చాక ఎన్నాళ్ళలో మిగతా డబ్బు చెల్లిస్తారో ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోవాలి. గుడ్డ, సామాను ఖర్చు మొత్తం అడ్వాన్సుగా చేతికి వచ్చాకే కత్తెర పెట్టాలి. మూడు కిటికీల డబ్బు చెప్పిన గడువులో వస్తే మిగిలిన పంతొమ్మిదింటిని ఒకసారికి ఒక ఫ్లాటు చొప్పున సెలవుల్లో ఒప్పుకోవచ్చు. రాకపోతే ఆ కాంట్రాక్టరు పని అక్కడితో ఆపి, ఇరుగుపొరుగు ఆర్డర్ల మీదే ఈ ఏడాది గడపమనండి.