ఇదంతా దేనికోసం అనిపిస్తోంది

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. పిల్లలు చదువులకని వెళ్లిపోయారు. ఉద్యోగంలో టెన్షన్ తప్ప ఏమీ లేదు. ఇదంతా దేనికోసం అనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ వయసులో నాకూ ఇదే వెలితి ఉండేదమ్మా. అప్పుడు నన్ను నిలబెట్టింది కిటికీ మూలనున్న సాలీడు. తెల్లవారుజామున ఫోన్ పక్కన పెట్టి దాన్నే చూసేదాన్ని. చాలా రకాల సాలీళ్లు పాత గూటి దారాన్ని తినేసి, మళ్లీ కొత్త గూడు అల్లుకుంటాయి. వెనక కాలితో ఒక్కో పోగునూ లాగి అతికిస్తుంటే నా ఊపిరి నెమ్మదించేది.

మీరూ ఒక్కదాన్నే ఎంచుకోండి, మొక్కో, చీమల బారో. రోజూ అదే చోట, అదే వేళకు చూడండి. మొదట్లో విసుగొస్తుంది, రానివ్వండి. నిద్ర, ఆకలి తగ్గితే మాత్రం డాక్టర్ని కలవాలి. చూసింది ఒక్క వాక్యం రాసుకోండి. నా నోట్‌బుక్ మొదటి పేజీలో ‘ఇవాళ ఎడమవైపు మూడు పోగులు తెగాయి’ అని ఉంది.