అమ్మాన్ వెళ్తున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్ములుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఆఫర్ లెటర్ చదివాను. యెమెన్ వ్యవహారం చూసే ఐక్యరాజ్యసమితి ప్రత్యేక దూత ఆఫీసులో అసోసియేట్ పొలిటికల్ అఫైర్స్ ఆఫీసర్, పీ-2 స్థాయి, జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో పోస్టింగ్. మీ అమ్మ అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేసి "మా పిల్ల యుద్ధాలు ఆపడానికి వెళ్తోంది" అని చెప్పేసింది. చెప్పుకోనీ, దాని సంబరం దానిది. నువ్వు మాత్రం మొదట్లో చేసేది నోట్సు రాసుకోవడం, గదులు బుక్ చేయడం, వీసాల వెంట, విమానాల పర్మిషన్ల వెంట తిరగడం. నేనూ ఆ పనుల్లోనే తల నెరిపించుకున్నదాన్ని కాబట్టి వాటి గురించే రాస్తాను. సిద్ధాంతాలు నీకు కాలేజీలో చెప్పే ఉంటారు.

ముందు నోట్సు సంగతి. మీటింగులో దూత బల్ల దగ్గర కూర్చుంటారు, నువ్వు వెనక వరసలో. అక్కడ నువ్వు రాసిందే రాత్రికి రిపోర్టవుతుంది, మర్నాడు న్యూయార్క్ వెళ్తుంది. అందులోని ఒక వాక్యం నెలనెలా భద్రతా మండలి ముందు దూత చేసే ప్రసంగంలోకీ ఎక్కొచ్చు. కాబట్టి "ప్రతినిధి సానుకూలంగా స్పందించారు" అని ఎప్పుడూ రాయకు. దానివల్ల చదివేవాడికి ఏమీ తెలియదు, పైగా లేని ఆశ పుడుతుంది. "రాజధాని సనాలో అడిగి చెబుతానన్నారు. ఎప్పటికి అంటే జవాబు లేదు. మూడో అంశం రాగానే పక్కాయన ఫోను పట్టుకుని బయటికి వెళ్లారు, తిరిగొచ్చాక ఇద్దరూ ఆ అంశం ఎత్తలేదు" అని రాయి. బల్ల దగ్గర కూర్చున్నవాడికి నిర్ణయం చేసే అధికారం చాలాసార్లు ఉండదు. ఆ ఫోనుకు అవతల ఉన్నవాడికి ఉంటుంది. నీ అభిప్రాయం రాయొచ్చు, రాయాలి కూడా, కానీ వేరే పేరాలో, ఇది నా అభిప్రాయం అని చెప్పి రాయి. ఎంత అలసిపోయినా ఆ రాత్రే పూర్తిచెయ్యి. తెల్లారేసరికి వాళ్లన్న మాటలు పోయి మనకు నచ్చిన మాటలు మిగులుతాయి.

విమానాల పని చిల్లర పని అనుకుంటావేమో. 2018 సెప్టెంబరులో జెనీవాలో చర్చలు పెట్టారు. యెమెన్ ప్రభుత్వం వాళ్లు వచ్చారు, అప్పటి దూత మార్టిన్ గ్రిఫిత్స్ వచ్చారు, ప్రభుత్వంతో పోరాడుతూ సనాను పట్టుకున్న తిరుగుబాటుదారులు హౌతీలు మాత్రం అక్కణ్నుంచి బయల్దేరనే లేదు. ఏ విమానం ఎక్కాలి, గాయపడ్డ తమవాళ్లను వెంట పంపనిస్తారా, మళ్లీ ఇంటికి తిరిగి రానిస్తారా అన్న దగ్గరే ఆగిపోయింది. ఆదిలోనే హంసపాదు. డిసెంబరులో మళ్లీ ప్రయత్నించినప్పుడు ముందు 50 మంది క్షతగాత్రులను మస్కట్ చేర్చారు. తర్వాత గ్రిఫిత్స్ స్వయంగా హౌతీ బృందంతో పాటు విమానమెక్కి స్వీడన్ వెళ్లారు. అంత పెద్దమనిషి పక్క సీట్లో కూర్చోవడమే వాళ్లకు హామీ. అలాంటి ప్రయాణం వెనక ఎవరో నీలాంటి పిల్ల పాసింజర్ల లిస్టు పట్టుకుని ఎన్నో ఫోన్లు చేసి ఉంటుంది. లిస్టులో ఒక్క పేరు తేడా వచ్చినా విమానం కదలదు.

స్వీడన్‌లో కుదిరిన ఆ ఒప్పందం నువ్వు కంఠతా పట్టాలి. 2018 డిసెంబరు 13న రింబో అనే చిన్న ఊళ్లో కుదిరింది. సంతకాలు లేవు, సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ సమక్షంలో చేతులు కలపడం ఒక్కటే. ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న హుదైదా నగరం నుంచి, అక్కడి మూడు రేవుల నుంచి ఇరుపక్షాల సేనలూ వెనక్కి జరగాలి, 21 రోజుల్లో. అది అయ్యాక అక్కడ భద్రత ఎవరిది? యెమెన్ చట్టం ప్రకారం స్థానిక భద్రతా దళాలది అని రాశారు. చదవడానికి బాగానే ఉంది. చట్టమంటే మాదే కాబట్టి మేం పెట్టే పోలీసులేనని ప్రభుత్వం, ఇప్పుడు అక్కడున్న పోలీసులే స్థానికులని హౌతీలు. 21 రోజులు గడిచాయి, నెలలు గడిచాయి. ఆ పని చూసే కమిటీకి మొదట డచ్ జనరల్, తర్వాత డేనిష్ జనరల్, ఆ తర్వాత మన అభిజిత్ గుహా గారు నాయకత్వం వహించారు. ఒకరి ప్రాంతంలోకి ఇంకొకరు అడుగుపెట్టని పరిస్థితుల్లో, 2019 జూలైలో కమిటీ ఎర్రసముద్రం మధ్య ఓడ మీద సమావేశమైంది.

ఆ వాక్యం అలా రాయడం తప్పంటారు చాలామంది. నేననను. యెమెన్‌కు వచ్చే తిండిగింజల్లో, సరుకుల్లో ఎక్కువ భాగం ఆ రేవుల్లోనే దిగేవి. పోలీసులు ఎవరో తేలేదాకా కూర్చుని ఉంటే ఈలోపు నగరం మీద దాడి జరిగేది. తెలిసే అస్పష్టంగా వదిలే వాక్యాలు ఉంటాయి, ఉండాలి. కానీ అది అస్పష్టంగా ఉందని, ఏ పక్షం దాన్ని ఎలా చదువుతుందని, చిక్కు ఎక్కడ వస్తుందని ఆ రాత్రే ఒక పేజీ రాసి మీ బాస్ చేతిలో పెట్టడం నీ పని. ఆయన చదవకపోతే మర్నాడు ఇంకో కాపీ ఇవ్వు.

నీకు ఇది దూరదేశం సంగతి కాదు. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగినప్పుడు నువ్వింకా పిల్లవి. రిటైరైన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు, ఆయన బృందం ఏళ్ల తరబడి రాయబారం నడిపితే ఆ రెండు పక్షాలూ ఒక బల్ల దగ్గర కూర్చున్నాయి. భూముల మీద ఒక పేచీ. దళాలు ఆయుధాలతో ఊళ్లలో తిరగొచ్చా లేదా అన్నది ఇంకో పేచీ. 2005 జనవరికల్లా అంతా చెడింది. అక్కడ హుదైదాలోనూ చివరికి ఇదే ప్రశ్న కదా, ఊళ్లో తుపాకి ఎవరి చేతిలో ఉండాలని.

యెమెన్‌లో 2022 ఏప్రిల్ 2న మొదలైన సంధి కాగితం తీసి ఆ స్వీడన్ ఒప్పందం పక్కన పెట్టుకుని చదువు. రెండు నెలల్లో హుదైదాకు 18 ఇంధన ఓడలు, సనా నుంచి వారానికి రెండు విమానాలు. ఎవరైనా వేళ్ల మీద లెక్కపెట్టగలరు. ఆ రెండూ ఆలస్యాలతోనైనా నడిచాయి. యుద్ధంలో మూసుకుపోయిన తైజ్ నగరం రోడ్లు తెరవడం గురించి మాత్రం సమావేశమై మాట్లాడుకుంటామని రాసుకున్నారు, సంధిని రెండుసార్లు పొడిగించినా ఆ ఆర్నెల్లూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. అక్టోబరు 2న గడువు తీరింది, ఈసారి పొడిగించలేదు. అయినా మునుపటంత పెద్ద ఎత్తున యుద్ధం వెంటనే మళ్లీ మొదలవలేదు. ఎందుకో నువ్వే అక్కడ అందరినీ అడుగు, ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెబుతారు. అన్నీ రాసుకో.

యుద్ధనేరాలకు క్షమాభిక్ష పెట్టే వాక్యం ఏ డ్రాఫ్టులో కనబడినా లీగల్ వాళ్లకు చూపించు, అలాంటిదాన్ని సమితి ఒప్పుకోదు. ఇందులో ఎవరి మొహమాటమూ పనికిరాదు.

బల్ల దగ్గర చోటు దొరకని ఆడవాళ్లను వెతుక్కుని వెళ్లి కలువు. యెమెన్‌లో అపహరణకు గురైనవాళ్ల తల్లులు ఒక సంఘం పెట్టుకున్నారు. ఎవరి కొడుకు ఏ జైల్లో ఉన్నాడో, ఏ నెల నుంచి ఉత్తరం రాలేదో వాళ్ల దగ్గర రాసిపెట్టి ఉంటుంది. 2020 అక్టోబరులో వెయ్యిమందికి పైగా ఖైదీల మార్పిడి జరిగినప్పుడు అందరి తగువూ పేర్ల మీదే.

ఇక నోటి సంగతి. పెదవి దాటితే పృథివి దాటుతుంది. నీ పాస్‌పోర్ట్ చూసి ఇండియా ఏమనుకుంటోందని అడుగుతారు. నీకు తెలియదు, నీకు అక్కర్లేదు. సిబ్బంది ఏ ప్రభుత్వం మాటా వినకూడదని సమితి చార్టర్ 100వ అధికరణంలోనే ఉంది. ఫేస్‌బుక్‌లో యెమెన్ మాటే ఎత్తకు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో కూడా.

అన్నిటికన్నా ముఖ్యం, నీకు సమాచారం ఇచ్చే యెమెనీల పేర్లు నోట్సులో రాయకు. 2024 జూన్ నుంచి హౌతీలు సమితి సిబ్బందిని విడతలు విడతలుగా పట్టుకుపోయారు, దాదాపు అందరూ స్థానికులే. నీకు పాస్‌పోర్టు ఉంది, విమానం ఉంది. వాళ్ల ఇల్లూ పిల్లలూ అక్కడే. "రేవులో పనిచేసే ఒకరు" అని రాసినా చాలాసార్లు ఆ ఒకరెవరో తెలిసిపోతుంది, "హుదైదాలో ఒకరు" అని రాయి.

అరబిక్ ఇప్పుడే మొదలుపెట్టు. దుబాసీ ఉన్నా టీ బ్రేక్‌లో ఆయన నీ పక్కన ఉండడు. అమ్మాన్‌లో చలి బాగా ఉంటుంది, ఇల్లు చూసేటప్పుడు హీటింగు ఏమిటో, దాని బిల్లు ఎవరు కడతారో ముందే అడుగు.

జీతం చూసి మీ నాన్న హైదరాబాదులో ఫ్లాటు బుక్ చేద్దామంటున్నారట. ఆ లెటర్‌లో కాంట్రాక్టు ఏడాదికే ఉంది, సమితిలో ఇప్పుడు డబ్బుకు కటకటగా ఉంది. రెన్యువల్ కాగితం చేతికొచ్చేదాకా అడ్వాన్సు కట్టొద్దని నా మాటగా చెప్పు.

ఇట్లు
పెద్దమ్మ