కల్వర్టు మీద రోడ్డు ఏటా ఒకే చోట కుంగుతుంటే ఏం చూడాలి?

మెళియాపుట్టి వైపు మీ ఊరి రోడ్డులో గెడ్డ (చిన్న వాగు) మీద పైపు కల్వర్టు ఉందనీ, ఏటా గ్రావెల్ పోస్తున్నా అదే చోట కుంగుతోందనీ, వానలు పడేలోపు ఊరివాళ్లం ఏమైనా చేయగలమా అనీ అడిగారు. చేయగలరు. శ్రీకాకుళం జిల్లాలో పల్లె రోడ్ల పనులకు సూపర్‌వైజర్‌గా చాలాకాలం చేశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు రోడ్డు దిగి గెడ్డలోకి వెళ్లండి. ఏటా ఒకేచోట కుంగుతోందంటే నా అనుమానమంతా పైపు అతుకు మీదే. కల్వర్టుకు వేసే హ్యూమ్ పైపులు (కాంక్రీటు గొట్టాలు) మామూలుగా రెండున్నర మీటర్ల ముక్కలుగా వస్తాయి. వాటిని కలిపే కాలర్ సడలితే పైనున్న మట్టి కొద్దికొద్దిగా పైపులోకి రాలి నీళ్లతో పోతుంది. గెడ్డ ఎండినప్పుడు బయటే నిలబడి లోపలికి టార్చిలైటు వేయండి. పాములుంటాయి, లోపలికి దూరొద్దు. గెడ్డ తెచ్చేది తెల్లటి ఇసుక. దాని మధ్య ఎక్కడైనా ఎర్రమట్టి చిన్న కుప్పగా కనిపిస్తే, అది రోడ్డుకు మీరు పోసిన గ్రావెలే. తలెత్తి దాని పైనున్న అతుకు చూడండి, సందు కనిపిస్తుంది. దాన్ని మూయకుండా ఎన్ని ట్రాక్టర్లు తోలించినా ఆ మట్టి గెడ్డపాలే. రోడ్డు తవ్వి, అతుకు సరిచేసి, మట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా తడిపి, దిమ్మిస కొట్టి నింపాలి. పైపు మీద కనీసం 60 సెంటీమీటర్ల మట్టి ఉండాలి. ఇసుక లోడ్లు తిరిగే రోడ్డయితే దీన్ని అసలు వదలకూడదు.

అక్కడే నీళ్లు బయటపడే వైపు కూడా చూడండి. చాలామంది వదిలేసేది అదే. పైపులోంచి వడిగా పడే నీళ్లు అక్కడ గుంట తవ్వేస్తాయి. ఆప్రాన్, అంటే నీళ్లు పడేచోట నేల కోసుకుపోకుండా పరిచిన గచ్చు, పగిలాక కల్వర్టు గోడ పునాది కింద ఖాళీ పడుతుంది. వెదురుకర్రతో గోడ అడుగున పొడిచి చూడండి. మూరెడు లోపలికి పోయిందంటే ప్రమాదం దగ్గరికొచ్చినట్టే. పైన సిమెంటు పూస్తే ఆగేది కాదు, ఇంజనీరు వచ్చి చూడాల్సిందే.

మీ చేతిలో ఉన్న పని పూడిక తీయడం. మేలో ఒకసారి, సెప్టెంబరు చివర మరోసారి తీయండి. రెండోసారి ఎందుకంటే 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, ఈ మూడు తుపాన్లూ మనమీద పడింది అక్టోబరులోనే. తిత్లీ తర్వాత నేను చూసినచోట కల్వర్టు చెక్కుచెదరలేదు. కొమ్మలు, అరటి బొందలు పైపుకి అడ్డుపడి, నీళ్లు రోడ్డెక్కి, పక్కనున్న గట్టును కోసేశాయి. ఆ ఊరికి బస్సు ఆగిపోయింది. గోడల్లో మొలిచే రావి మొక్కల్ని వేలంత ఉన్నప్పుడే తీసేయండి. వేరు ముదిరాక లాగితే రాళ్లు ఊడొస్తాయి, మొదలంటా కోయడమే మంచిది.

వరద తీసిన వెంటనే స్కూలు బస్సును మాత్రం పోనివ్వకండి. తారు బాగానే కనిపిస్తుంది, కింద మట్టి ఉండదు. గట్టు రెండు పక్కలా కోత పడిందేమో చూసి, తారు మీద గునపంతో కొట్టి వినండి. డొల్ల శబ్దం వస్తే ఆ రోడ్డు మూసేయాలి.

అర్జీ పెట్టేముందు అది పంచాయతీరాజ్ రోడ్డో, ఆర్ అండ్ బీదో తెలుసుకోండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసినదైతే బోర్డు మీద పూర్తయిన తేదీ చూడండి, ఐదేళ్ల వరకు నిర్వహణ కాంట్రాక్టరుదే. కల్వర్టు పొడవు కూడా కొలవండి, 6 మీటర్లు దాటితే దాన్ని చిన్న వంతెనగా లెక్కిస్తారు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చే కాగితంలో ‘కల్వర్టు బాగోలేదు’ అని రాస్తే పక్కన పడిపోతుంది. ‘దిగువన కుడి గోడ కింద మూరెడు ఖాళీ ఉంది, రెండో అతుకు తెరుచుకుంది’ అని రాసి, కర్ర పెట్టి తీసిన ఫొటో జతచేయండి.