టెంపో ట్రావెలర్ పైకప్పు ఫ్యాన్: నెగెటివ్ వైరును బాడీకి కలపవచ్చా?

టెంపో ట్రావెలర్‌ను క్యాంపర్‌గా మార్చుకుంటున్న మీరు, పైకప్పులో బిగించే 12 వోల్టుల ఫ్యాన్‌కు పాజిటివ్ వైరును మాత్రం బ్యాటరీ నుంచి లాగి, నెగెటివ్‌ను దగ్గర్లోని బాడీకే కలిపేస్తే సరిపోతుందా అని అడిగారు. మూడేళ్ల క్రితం మా బండిలో సరిగ్గా అదే జరిగింది కాబట్టి వద్దనే చెబుతాను.

మా బండి పని ఇక్కడే, బెంగళూరులోనే చేయించాము. ఎలక్ట్రీషియన్ పైకప్పు పట్టీకి ఒక స్క్రూ బిగించి, నెగెటివ్ తీగను దానికే చుట్టి, "బండంతా ఎర్తే కదా సార్" అన్నాడు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. ఎండాకాలమంతా బాగానే తిరిగిన ఫ్యాన్, వానలు పట్టాక నెమ్మదించి, గతుకుల రోడ్డు మీద ఆగి ఆగి తిరగసాగింది. మోటారు పోయిందనుకొని కొత్తదాని కోసం బండి విడిభాగాలు దొరికే జె.సి. రోడ్డుకు బయలుదేరబోతూ, ఎందుకైనా మంచిదని వోల్టులు కొలిచే మల్టీమీటరు తీశాను. ఫ్యాన్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉంటే, ఫ్యాన్ దగ్గర 10.9 మాత్రమే ఉన్నాయి. మీటరు ఎర్ర ప్రోబును (కొలిచే మొనను) ఫ్యాన్ పాజిటివ్ దగ్గరే ఉంచి, నల్ల ప్రోబుకు పొడవాటి వైరు కట్టి నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు ఆనిస్తే 12.2 చూపించింది. అంటే పాజిటివ్ వైరులో పోతున్నది 0.4 వోల్టు, మిగిలిన 1.3 వోల్టులూ ఆ స్క్రూ దారిలోనే పోతున్నాయి. స్క్రూ విప్పి చూస్తే కింద పెయింటు పొర అలాగే ఉంది, దాని చుట్టూ ఎర్రటి తుప్పు పేరుకుంది. ఫ్యాన్ ఆపి కొలిస్తే ఈ తేడా కనిపించదు. కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి.

అందువల్ల రెండు వైర్లనూ జతగా బ్యాటరీ వరకు లాగండి. మందం విషయంలో పిసినారితనం వద్దు. బ్యాటరీ నుంచి ఫ్యాన్‌కు 6 మీటర్లుంటే రానుపోను 12 మీటర్ల రాగి అవుతుంది; ఫ్యాన్ 4 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, 0.75 స్క్వేర్ ఎం.ఎం. వైరులో దాదాపు 1.25 వోల్టులు పోతాయి, 2.5 స్క్వేర్ ఎం.ఎం. వైరులో 0.4 వోల్టు కూడా పోదు. సన్న పోగుల ఫ్లెక్సిబుల్ వైరునే అడగండి. అతుకులను మెలితిప్పి టేపు చుట్టడం ఇంట్లో కూడా మంచిది కాదు, కదిలే బండిలో అసలే పనికిరాదు. వైరు కొసలకు లగ్గులు (లోహపు తొడుగులు) పెట్టి క్రింప్ చేయించండి, అంటే పనిముట్టుతో గట్టిగా నొక్కించండి.

ఫ్యూజు ముఖ్యంగా కాపాడేది వైరును కాబట్టి, దాని చోటు బ్యాటరీ పాజిటివ్ పక్కనే, జానెడు దూరం లోపల. ఎన్ని ఆంపియర్లన్నది ఫ్యాన్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది, అంతకు మించిన ఫ్యూజు వేయవద్దు. వైరు రేకును దాటే ప్రతి రంధ్రంలోనూ రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) తప్పనిసరి, ఎందుకంటే కోసిన రేకు అంచు కత్తితో సమానం.

వేగం మార్చే సర్క్యూట్ ఉన్న ఫ్యాన్లలో కొన్ని, తీగలు తారుమారైతే కాలిపోతాయి. మామూలు మోటారైతే రెక్కలు ఎదురు తిరుగుతాయి. తీగలు కలిపే ముందే మీటరుతో ప్లస్, మైనస్ సరిచూసుకొని, సీలెంట్ పూయకముందే ఒకసారి ఫ్యాన్ తిప్పి, కింద ఒక పలుచని కాగితం ముక్క పట్టుకోండి. గాలిని బయటికి తోసేలా పెట్టినప్పుడు ఆ కాగితం పైకి లేచి జాలీకి అతుక్కోవాలి.