జపాన్ హైస్కూల్ పిల్లలు నిజంగా పాడుకునే పాటలు: మా అమ్మాయి చదువుకున్న మూడేళ్ళలో విన్నవి

"మా అబ్బాయి ఇంటర్ చదువుతూ జపనీస్ నేర్చుకుంటున్నాడు. అక్కడ వాడి వయసు పిల్లల మనసుకు దగ్గరైన పాటలు ఏవి?" అని మీరు అడిగారు. మేము 2018 నుంచి టోక్యోలో, నిషి-కసాయ్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడి బళ్ళో ఏడో తరగతిలో చేరింది. 2021 ఏప్రిల్‌లో హైస్కూల్‌కి వెళ్ళింది, 2024 మార్చిలో చదువు ముగించింది. ఆ మూడేళ్ళు మా ఇంట్లో మోగిన పాటల గురించే చెబుతాను.

ఇక్కడి పిల్లలకి పాట అంటే ఇయర్‌ఫోన్స్‌లో వినేది మాత్రమే కాదు, క్లాసు మొత్తం నిలబడి పాడేది కూడా. చాలా స్కూళ్ళలో గష్షో కొంకూరు అని బృందగానం పోటీ పెడతారు. ఏ పాట పాడాలో క్లాసే తేల్చుకుంటుంది. పియానో వాయించేది స్టూడెంటే, ఎదురుగా నిలబడి చేతులు ఊపుతూ నడిపించేదీ స్టూడెంటే. మనం బళ్ళో ప్రార్థన అందరం ఒకే వరసలో పాడతాం కదా, ఇక్కడ అలా కాదు. సోప్రానో, అంటే పై స్థాయిలో పాడే ఆడపిల్లలది ఒక వరస, ఆల్టో, అంటే కింది స్థాయిలో పాడే ఆడపిల్లలది ఇంకొకటి, మగపిల్లలది మరొకటి.

మా అమ్మాయి మొదటి సంవత్సరం కరోనా వల్ల ఆ పోటీయే జరగలేదు. రెండో ఏడు మాస్కులు పెట్టుకుని పాడారు. మూడో ఏడు, 2023లో, మొదటిసారి మొహాలు కనిపించేలా పాడారు. వాళ్ళు ఎంచుకున్న పాట యోఅసోబి వాళ్ళ 'గుంజో'.

ఇది 2020లో వచ్చింది. యోఅసోబి అంటే ఇద్దరు: పాటలు కట్టే అయాసే, పాడే ఇకురా. కథలని పాటలుగా మార్చడం వాళ్ళ పద్ధతి. ఈ పాటకి మూలం 'బ్లూ పీరియడ్' అనే మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ. చదువులో బాగానే ఉన్నా దేని మీదా మనసు నిలవని ఒక హైస్కూల్ కుర్రాడు, తెల్లవారుజామున టోక్యోలోని షిబుయా పేట నీలంగా కనిపించడం చూసి ఆ నీలాన్నే బొమ్మగా వేస్తాడు. అక్కణ్ణుంచి ఆర్ట్స్ యూనివర్సిటీ ఎంట్రన్స్ కోసం పోరాటం మొదలవుతుంది. గుంజో అంటే ముదురు నీలం రంగు. తనకి ఇష్టమైనదాన్ని ఇష్టమని పైకి చెప్పడానికి ఎంత భయమేస్తుందో, చెప్పాక ఏమవుతుందో, పాటంతా అదే. ఎంపీసీలో కూర్చుని నోట్సు వెనక పేజీలో బొమ్మలు వేసుకునే పిల్లలు మన దగ్గర ఎంతమంది లేరు! మీ అబ్బాయికి భాష పూర్తిగా రాకపోయినా ఈ పాట అందుతుందని నా నమ్మకం.

మా అమ్మాయిది ఆల్టో కాబట్టి నెల రోజులు నేను ఇంట్లో ఆ వరస ఒక్కటే విన్నాను. గిన్నెలు తుడుస్తూ పాడేది, జడ వేసుకుంటూ పాడేది. యూట్యూబ్‌లో విన్న పాటకీ దీనికీ పోలికే ఉండేది కాదు, రెండు మూడు స్వరాల దగ్గరే తిరుగుతూ ఉండేది. పోటీ రోజు హాల్లో గొంతులన్నీ కలిశాక గానీ ఆ స్వరాల చోటు ఎక్కడో నాకు తెలియలేదు. సోప్రానో పైకి లేచిన ప్రతిసారీ కింద నుంచి ఆల్టో పట్టి ఉంచుతోంది. మన కచేరీలో తంబురా ఉన్నట్టే, కాకపోతే ఈ తంబురా కదులుతూ ఉంటుంది. ఏడో తరగతిలో భాష రాక, మధ్యాహ్నం డబ్బా ఒక్కతే తిని ఇంటికొచ్చిన పిల్ల ఆ వరసలో ఒక గొంతు. నాకు కళ్ళు నిండిపోయాయి.

రెండోది 'సేకాయ్'. సరైన జవాబు అని అర్థం. పాడింది రాడ్‌వింప్స్, 'యువర్ నేమ్' సినిమాకి సంగీతం ఇచ్చిన బ్యాండు. ఇక్కడి జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వాళ్ళు 18 ఏళ్ళ వయసు పిల్లల కోసం '18 ఫెస్' అనే కార్యక్రమం చేస్తారు. దాంట్లో వెయ్యి మంది యువతీయువకులు ఒక బ్యాండుతో కలిసి, వాళ్ళ కోసమే రాసిన పాట పాడతారు. 2018లో అలా పుట్టిన పాట ఇది. తర్వాత అది స్కూళ్ళ వీడ్కోలు సభల్లోకి వచ్చేసింది.

జవాబు ముందే ఉన్న ప్రశ్నలే ఇన్నాళ్ళూ నేర్పారు అంటాడు ఇందులో. గొడవపడిన స్నేహితుడితో మళ్ళీ ఎలా కలవాలి, నచ్చిన అమ్మాయి మనవైపు చూసేలా చేయడం ఎలా, తెలుసుకోవాలనుకున్నవి ఇవి కదా అంటాడు. చివరికి పాట మొత్తం ఒక పరీక్ష హాలుగా మారిపోతుంది. టైమ్ ఎంత అంటే మీ ముందున్న జీవితమంత. ఆన్సర్ షీటూ అదే, దిద్దే పద్ధతీ అదే. ఆఖరి మాట, పరీక్ష మొదలుపెట్టేటప్పుడు చెప్పే "యోయి, హజిమే". రెడీ, మొదలెట్టండి అని. 2024 మార్చిలో వీడ్కోలు సభలో మా అమ్మాయి బ్యాచ్ ఇది పాడింది. ఆ రెండు మాటల తర్వాత హాల్లో ఎవరూ చప్పుడు చేయలేదు. ఈఏపీసెట్ ర్యాంకు, జేఈఈ పర్సంటైల్ చుట్టూ తిరిగే ఇంట్లో పెరుగుతున్న పిల్లాడికి ఇంతకంటే దగ్గరగా వచ్చే జపనీస్ పాట ఇంకొకటి నాకు తెలియదు.

ఇక్కడ విద్యా సంవత్సరం మార్చిలో ముగిసి ఏప్రిల్‌లో మొదలవుతుంది. అందుకే వీడ్కోలు పాటలంటే ఒక పెద్ద సంప్రదాయం. వాటిలో రెమియోరోమెన్ అనే బ్యాండు పాడిన 'సంగత్సు కొకొనొకా' నాకు చాలా ఇష్టం. మార్చి 9 అని అర్థం, 2004లో అదే తేదీన విడుదల చేశారు. అసలు రాసింది ఒక స్నేహితుడి పెళ్ళి కోసం. 2005లో వచ్చిన ఒక టీవీ సీరియల్లో క్లాసు పిల్లలు కలిసి పాడటంతో బడి పాట అయిపోయింది. పెళ్ళి పాట, వీడ్కోలు పాట ఒకటే ఎలా అయ్యాయా అని మొదట్లో అనుకున్నాను. మన అప్పగింతల పాటలు గుర్తొచ్చాక ఆ సందేహం పోయింది.

ఇంకా పాతది 'తబిదాచి నో హి ని'. 1991లో సైతామా రాష్ట్రం చిచిబులో ఒక మిడిల్ స్కూల్ హెడ్మాస్టర్ పదాలు రాస్తే, అదే బడి మ్యూజిక్ టీచర్ బాణీ కట్టింది. వెళ్ళిపోతున్న పిల్లల కోసం టీచర్లే పాడారు. ఒక కొండ ఊరి బడిలో పుట్టిన పాట దేశమంతా పాకింది. ఇది అమ్మానాన్నలకీ పిల్లలకీ ఇద్దరికీ వచ్చు, సభలో వెనక కుర్చీల్లోంచి కూడా సన్నగా వినిపిస్తుంది.

పరీక్షలు అయిన రోజు కరావోకేకి పోయి అరిచి పాడేవి వేరు. మిసెస్ గ్రీన్ యాపిల్ అనే బ్యాండు పాడిన 'ఆవో తో నత్సు' (2018) వేసవి సెలవుల పాట, వింటే కాళ్ళు ఆగవు. 'అదో' అనే గాయని పాడిన 'ఉస్సేవా' 2020లో వచ్చినప్పుడు ఆమెకి 17 ఏళ్ళు, తనూ హైస్కూల్ పిల్లే. బుద్ధిగా ఉండమనే పెద్దల మీద కోపమంతా అందులో ఉంది. మా అమ్మాయి ఆ పాట పెట్టిన రోజు నేను తలుపు తట్టేదాన్ని కాదు.

మీ అబ్బాయిని 'సంగత్సు కొకొనొకా'తో మొదలుపెట్టమనండి. నెమ్మదిగా నడుస్తుంది, మాటలు విడివిడిగా వినిపిస్తాయి. పదాలు ఇంగ్లీషు అక్షరాల్లో కాకుండా తెలుగులో రాసుకోమనండి. మా అమ్మాయి నా కోసం అలాగే రాసిచ్చేది, వంటింట్లో ఫ్రిజ్ మీద అతికించుకునేదాన్ని. మనలాగే వాళ్ళ మాటలూ దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. హల్లులా వినిపించేది ఒక్క 'న్', అదీ మాట మధ్యలో హల్లు ముందు చాలావరకు మన సున్నాలా ప్రవర్తిస్తుంది. సంగత్సులో ఒకలా, గుంజోలో ఒకలా, సెంపాయ్ (సీనియర్) అనే మాటలో 'మ్' లాగా పలుకుతుంది. ఇలాంటి చోట్ల సున్నా పెట్టేస్తే తెలుగు నోరు దానంతటదే సరిగ్గా పలుకుతుంది. 'త్సు' కూడా మనకి కష్టం కాదు, చుక్క, చుట్టం అనేటప్పుడు వచ్చే 'చు'కి చాలా దగ్గర.

దీర్ఘాలు మాత్రం వదలొద్దని చెప్పండి. సేకాయ్‌లో దీర్ఘం పోతే సెకాయ్ అవుతుంది. అంటే ప్రపంచం.