పిల్లల్ని కనాలా వద్దా: డబ్బు లెక్క చెప్పగలిగేది ఎంత?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లో ఇద్దరం ఉద్యోగం చేస్తున్నాం. నాకు 72,000, మావారికి 85,000 చేతికొస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 46,000, ఇంటి ఖర్చులు 45,000, అత్తగారికి 10,000. పిల్లల విషయం ఇంకా తేల్చుకోలేకపోతున్నాం. కంటే ఖర్చు తట్టుకోగలమా, కనకపోతే పెద్దవయసులో ఎవరు చూస్తారు అని ఒకటే టెన్షన్.

జవాబు: కనాలా వద్దా అన్నది మీ ఇద్దరి నిర్ణయం, అందులోనూ ముందు మీది. మీ భయంలో డబ్బు వాటా ఎంతో మాత్రం నేను చెప్పగలను.

అందరూ స్కూల్ ఫీజుల గురించే అడుగుతారు. వాటికి మూడేళ్లు టైముంటుంది. మొదటి దెబ్బ తల్లి జీతం మీద పడుతుంది. పదిమందీ అంతకు మించీ పనిచేసే సంస్థలో, కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవిస్తారు. ఆ తర్వాత బిడ్డను చూసుకునే మనిషి దొరక్క రెండేళ్లు ఉద్యోగం మానేస్తే పోయేది 17,28,000. పీఎఫ్ నష్టం అదనం. ఇది మీ ఒక్కరి నష్టంగా మిగలకూడదు. అలా మానాల్సి వస్తే మీవారి జీతంలోంచి మీ పేరున ఉండే పీపీఎఫ్‌కి (ప్రభుత్వ దీర్ఘకాలిక పొదుపు ఖాతా) ఎంత కడతారో ఇప్పుడే మాట్లాడుకోండి.

మీరిచ్చిన లెక్క ప్రకారం నెలకు 56,000 మిగలాలి. నిజంగా మిగులుతోందా? మీవారి జీతం ఒక్కటే అయితే నెలకు 16,000 లోటు పడుతుంది. కాబట్టి ఆరు నెలలు మీ జీతం పడిన రోజే 16,000 ఇంటికి ఉంచి, మిగతాది వేరే ఖాతాకు పంపేయండి. పోగయ్యే 3,36,000 ఆ లోటును 21 నెలలు పూడుస్తుంది. బిడ్డ ఖర్చులకు మాత్రం ఇంకా కావాలి. వద్దనుకుంటే అదే డబ్బు లోన్‌కి కట్టేయొచ్చు. ఈలోగా గైనకాలజిస్టును కలవడం మాత్రం ఆపకండి. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో కాన్పు ఖర్చులు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. సొంతంగా కొనే పాలసీల్లో దీనికి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే పాలసీ కొన్నాక కొంతకాలం గడిస్తేనే ఆ ఖర్చులిస్తారు.

ఇక పెద్దవయసు సంగతి. పిల్లలను పెన్షన్‌గా లెక్కేయకండి, అది వాళ్ల మీద మోయలేని బరువు. పిల్లలున్నా లేకున్నా రిటైర్మెంట్ సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే పొదుపు), సొంత హెల్త్ పాలసీ మీకు తప్పవు.

పిల్లలు వద్దనుకుంటే మాత్రం ఒక పని వెంటనే చేయాలి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త, పిల్లలు లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంత సంపాదన ముందు భర్త తరఫు వారసులకు వెళ్తుంది. వాళ్లెవరూ లేకపోతేనే కన్నవాళ్లకు. మీ అమ్మానాన్నలకు ఏదైనా దక్కాలనుకుంటే వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, వాళ్లచేత సంతకాలు చేయించండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.